అద్దుడు కాగితం మీద శ్రీరామ

నా దగ్గర పాత బేస్‌బాల్ కార్డులు వెయ్యికి పైగా ఉన్నాయని తెలియగానే ఎవరైనా ముందు అడిగేది, "మీ అబ్బాయివా?" అని. కాదు, నావే. మా అబ్బాయికి బేస్‌బాల్ అంటే ఆవులింతలొస్తాయి. మా ఆయన దృష్టిలో క్రికెట్ తప్ప మరేదీ ఆట కాదు. ఇంట్లో ఈ పిచ్చి ఉన్నది నాకొక్కదానికే.

పెళ్ళయి న్యూజెర్సీ వచ్చిన కొత్తలో నాది డిపెండెంట్ వీసా. ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. గుంటూరులో ఆస్పత్రి ల్యాబ్‌లో పొద్దస్తమానం రక్తపరీక్షలు చేసినదాన్ని, ఇక్కడ కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చున్నాను. కారు నడపడం రాదు. నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఒక లైబ్రరీ, దాని పక్కన వాడిన సామాన్లు అమ్మే కొట్టు మాత్రం ఉండేవి. ఒకరోజు ఆ కొట్లో ఒక చెప్పుల డబ్బా నచ్చింది. అట్ట గట్టిగా ఉంది, పప్పుల ప్యాకెట్లు పెట్టుకోవచ్చు కదా అని కొన్నాను. ఇంటికొచ్చి మూత తీస్తే లోపల నిండా కార్డులు.

పారేద్దామనుకుంటూనే ఒకటి తిప్పి చూశాను. ముందువైపు టోపీ పెట్టుకుని నవ్వుతున్న మనిషి. వెనకవైపు అంకెల పట్టిక, ఒక మూల చిన్న కార్టూన్, రెండు మూడు వాక్యాల్లో ఆ మనిషి సంగతులు. ఒకాయన చలికాలంలో వాళ్ళ నాన్న పొలంలో ఆవుల్ని చూసుకుంటాడట. ఒకాయన ఫర్నిచర్ అమ్ముతాడట. ఇంకొకాయనకు పడవ ప్రయాణమంటే భయమట. ఎన్ని పరుగులు తీశారో రాసిన చోటే, ఎన్ని తప్పులు చేశారో కూడా అచ్చువేశారు. అది నాకు భలే నచ్చింది. ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి అన్నం వండలేదు. కార్డులన్నీ కార్పెట్ మీద పరుచుకుని మధ్యలో కూర్చున్నాను. ఆట ఎలా ఆడతారో నాకు నేర్పింది టీవీ కాదు, ఆ కార్డుల వెనక వైపులే.

తరవాత వర్క్ పర్మిట్ వచ్చింది, ఇక్కడా ఆస్పత్రిలోనే ఉద్యోగం వచ్చింది, డ్రైవింగ్ వచ్చింది. పిచ్చి మాత్రం పోలేదు.

ఐసెలిన్‌లోని మా ఇంటికి అరగంట దూరంలో వేసవి ఆదివారాలు ఫ్లీ మార్కెట్ పెడతారు, మన సంతలాగా. అక్కడ చివరి వరసలో ఒక పెద్దాయన వ్యాన్ వెనక తలుపులు బార్లా తెరిచి, మడత బల్ల వేసుకుని కూర్చుంటారు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. చాలా ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయ్యారు. బల్ల మీద అంతా కార్డులే. ఒక పక్కన మాత్రం పాత చుట్టల పెట్టె ఉంటుంది. దాన్లో బ్లాటర్లు.

ఇంకు పెన్నుల కాలంలో తడి సిరా అద్దుకోవడానికి వాడిన దళసరి కాగితాలవి. పోస్టు కవరులో పట్టేంత ఉంటాయి. వెనకవైపు గరుకు, ముందువైపు నున్నగా రంగుల బొమ్మ. ఎనభై ఏళ్ళ కిందట ఇక్కడి చర్చిలు వీటిని అచ్చువేయించి ఇంటింటికీ పంచేవట. గొర్రెపిల్లలు, దీపాలు, పూలు, కింద ఒక మంచిమాట. ఇవన్నీ ఆయన భార్య పోగుచేసినవి. ఆవిడ సండే స్కూలు టీచరు. పోయి అప్పటికి నాలుగేళ్ళు.

"కార్డులు నావి, ఇవి తనవి. పెళ్ళయిన కొత్తలో అలమరలో చెరో అర పంచుకున్నాం," అన్నారు మొదటిసారి అడిగినప్పుడు. "తన అరలో నేనెప్పుడూ చెయ్యి పెట్టలేదు."

ఆయన ఆ బ్లాటర్లు ఒక్కొక్కటే అమ్మేవారు. అది కూడా, తీసుకెళ్ళి ఏం చేస్తారో అడిగి అమ్మేవారు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆల్బమ్‌లో దాచుకుంటానని చెప్పాను. "తనూ అంతే. ఒక్కదాని మీద కూడా సిరా పడనివ్వలేదు," అని నాకు అమ్మడం మొదలుపెట్టారు. అలా రెండు వేసవులలో పద్నాలుగు బ్లాటర్లు చేరాయి. ఒక్కదాన్ని మాత్రం ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. మంచులో చిన్న తెల్ల చర్చి, కిటికీలో పసుప్పచ్చని వెలుగు, కింద "ఆదివారం ఉదయం మీకోసం ఒక చోటు ఉంచాం" అని ఇంగ్లీషులో రెండు వరసలు. "అది ఇప్పుడు కాదు," అనేవారు. నేను ప్రతి వారం దాన్ని తీసి చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టేసేదాన్ని.

రెండేళ్ళ కిందటి మే నెలలో మా అత్తయ్య తెనాలి నుంచి ఆరు నెలల కోసం వచ్చారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. దస్తావేజుల్లో పక్షుల బారులాగా వరస తప్పని ఆవిడ చేతిరాత గురించి మా ఆయన చాలాసార్లు చెప్పారు. సూట్‌కేసులో పచ్చళ్ళ సీసాల కన్నా ముందు బయటికి తీసింది రామకోటి పుస్తకాలు, ఒక ఇంకు పెన్ను. బాల్‌పెన్నుతో రామకోటి రాయడం ఆవిడకు నచ్చదు.

నా కార్డుల ఆల్బమ్ చూసి, "వీళ్ళంతా ఎవరమ్మాయ్?" అన్నారు.

"బేస్‌బాల్ ఆడేవాళ్ళు అత్తయ్యా. డెబ్బై ఏళ్ళ కిందటివాళ్ళు."

"ఒక్కళ్ళన్నా బతికున్నారా?"

"కొందరు ఉండొచ్చు."

"పెళ్ళి ఫోటోలు ఆ సెల్‌ఫోన్లోనే పడేసి, ముక్కూమొహం తెలియని వాళ్ళకు ఇంత పెద్ద ఆల్బమా," అన్నారు. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి.

జూన్‌లో ఒక ఆదివారం ఆవిడను కూడా ఫ్లీ మార్కెట్‌కు తీసుకెళ్ళాను. ఎండగా ఉంది. నేత చీర కట్టుకుని, మా అబ్బాయి టోపీ పెట్టుకుని వచ్చారు. పెద్దాయన లేచి తన కుర్చీ ఇచ్చారు. నేను కార్డులు చూస్తుంటే వెనక నుంచి ఒక కేక వినిపించింది.

"అద్దుడు కాగితాలు!"

చుట్టల పెట్టె అత్తయ్య ఒళ్ళో ఉంది. ఆఫీసులో చేరిన రోజుల్లో వీటి కోసం ఎలా కొట్టుకునేవారో, అవి రావడం మానేశాక సుద్దముక్కలతో సిరా ఎలా అద్దేవారో గబగబా చెప్పేస్తున్నారు. పెద్దాయన ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల ఊపుతున్నారు. నేను అనువాదం చేశాను. ఇంతలో అత్తయ్య ఆ తెల్ల చర్చి బ్లాటర్‌ను తీసి, బొమ్మ వైపు చూడనైనా చూడకుండా వెనక్కి తిప్పి, గరుకు వైపు బొటనవేలితో నిమిరారు.

"మంచి సరుకు. బాగా పీలుస్తుంది. పాడవకుండా దాచారు అన్నయ్యగారు."

"నన్ను ఏమని పిలిచారు?" అని ఆయన నన్నడిగారు.

"అన్నయ్య అని. మా వైపు తెలియని పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు."

ఆయన అత్తయ్య చేతిలోంచి దాన్ని అందుకున్నారు. తరవాత ఆ బ్లాటర్‌ను కాగితం సంచిలో పెట్టి నా చేతికిచ్చారు. "దీన్ని సరిగ్గా పట్టుకోవడం తెలిసిన మనిషి ఇన్నాళ్ళకు వచ్చింది. తీసుకెళ్ళండి," అన్నారు. దారంతా నేను కారును గాల్లో నడిపాను.

ఇంటికి రాగానే దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, డైనింగ్ టేబుల్ మీద అందరికీ కనపడేలా నిలబెట్టాను.

మంగళవారం సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చేసరికి అత్తయ్య అదే టేబుల్ దగ్గర కూర్చుని రామకోటి రాసుకుంటున్నారు. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఖాళీ ప్లాస్టిక్ కవరు ఒక పక్కన ఉంది. ఆవిడ పేజీ చివరి గడిలో శ్రీరామ అని రాసి, పెన్ను మూత పెట్టి, నా తెల్ల చర్చిని పేజీ మీద బోర్లా వేసి, అరచేత్తో గట్టిగా నొక్కారు.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి తీశారు. బ్లాటర్ వెనకంతా నీలి సిరా. తలకిందులుగా, అడ్డదిడ్డంగా, ఒకదాని మీద ఒకటి శ్రీరామలు. ఒకటి రెండు కాదు, నాలుగు పేజీలవి.

"పేజీ తిప్పితే అలుక్కుపోతోందమ్మా. అందుకని..."

"అది వాడేది కాదు! రెండేళ్ళు అడిగితే ఇచ్చారాయన. ఎనభై ఏళ్ళ నుంచి ఎవరూ దాని మీద చుక్క సిరా పడనివ్వలేదు!"

"అద్దుడు కాగితంతో అద్దకపోతే ఇంకేం చేస్తారు?" అన్నారావిడ. ఎదురు చెప్పడం కాదది. తెలియకే అడిగారు. మళ్ళీ తనే, "ముందువైపు వాళ్ళ దేవుడున్నాడని చూసుకునే, వెనకవైపు అద్దాను," అన్నారు.

ఇంకొక మాట మాట్లాడితే ఏడుస్తానని నేను పైకి వెళ్ళిపోయాను. మా ఆయన వచ్చాక రెండు గదుల మధ్యా తిరిగారు. "ఆన్‌లైన్‌లో సర్చ్ చేస్తాను, ఇలాంటిదే ఇంకోటి ఆర్డర్ చేద్దాం," అన్నారు. అలాంటిది ఇంకోటి దొరకదని కాదు నా బాధ. ప్లాస్టిక్ కవర్లో దాస్తానని ఆ పెద్దాయనకు నేను మాటిచ్చాను.

మర్నాటి నుంచి అత్తయ్య నా వస్తువు దేన్నీ ముట్టుకోలేదు. టీ గ్లాసు కూడా ముట్టుకునే ముందు ఇది వాడుకోవచ్చా అన్నట్టు చూసేవారు. గురువారం నేను వంటింట్లో ఉండి చూశాను. ఆవిడ పేపర్ నాప్‌కిన్ మడత పెట్టి పేజీ మీద అద్దారు. నాప్‌కిన్ తడిసి, పేజీకి అతుక్కుని, ఒక వరసంతా అలికేసింది. ఆవిడ దాన్ని మెల్లిగా ఊడదీశారు. కళ్ళజోడు సర్దుకుని, ఆ పాడైన వరసను వదిలేసి, కింది గడుల్లో మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. నాకు సిగ్గనిపించింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మొన్న అలా అరవకుండా ఉండాల్సింది అత్తయ్యా."

"నేను అడగకుండా తియ్యకుండా ఉండాల్సింది," అన్నారు. తరవాత కొంచెం తగ్గి, "ఆదివారం అన్నయ్యగారి దగ్గరికి నేనూ వస్తాను. పాడుచేసింది నేను, చెప్పుకోవలసింది నేను," అన్నారు.

"చెప్పక్కర్లేదు అత్తయ్యా. ఆయనకెలా తెలుస్తుంది?"

"తెలియకపోతే మాత్రం? రిజిస్ట్రేషను ఆఫీసులో దిద్దుబాటు ఉంటే పక్కన సంతకం పెట్టేవాళ్ళం. దాచేవాళ్ళం కాదు."

ఆదివారం పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. మా ఆయన కూడా వచ్చారు, గొడవేమైనా అయితే సర్దిచెప్పడానికట. అత్తయ్య బ్లాటర్‌ను చేతిగుడ్డలో చుట్టి పట్టుకున్నారు. బల్ల దగ్గరకు వెళ్ళగానే దాన్ని పెద్దాయన ముందు పెట్టి, "సారీ అన్నయ్యగారూ," అని, మిగతాది తెలుగులో చెప్పారు. నేను ఒక్కొక్క వాక్యమే ఇంగ్లీషులోకి మార్చాను.

ఆయన బ్లాటర్‌ను తిప్పి వెనకవైపు చూశారు. చాలాసేపు చూశారు. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఇదేం రాత?"

"తెలుగు. దేవుడి పేరు. ఒకే పేరు కోటిసార్లు రాస్తారు. తడి సిరా అద్దినప్పుడు తిరగబడి పడింది."

"కోటిసార్లా?" ఆయన లేచి వ్యాన్ ముందుకు నడిచి, పక్క అద్దానికి ఎదురుగా బ్లాటర్‌ను పట్టుకున్నారు. మేమంతా వెనకే వెళ్ళాం. అద్దంలో శ్రీరామలు తిన్నగా నిలబడ్డాయి. అత్తయ్య వేలు పెట్టి ఒక్కొక్కటే చదివి వినిపించారు. ఆయన కూడా అనడానికి ప్రయత్నించారు. మూడోసారికి కాస్త దగ్గరికొచ్చారు.

"అన్నీ గుండ్రంగా ఉన్నాయి, బంతుల్లాగా," అన్నారు. ఆ తరవాత ఆయన నవ్విన నవ్వుకు పక్క బల్లవాళ్ళు కూడా తిరిగి చూశారు. "ఎనభై ఏళ్ళు! ఎనభై ఏళ్ళుగా పెట్టెలో పడుకుంది ఇది. ఇన్నాళ్ళకు పనిలో చేరింది. మా ఆవిడ చూస్తే ముందు అరిచేది. బాగా అరిచేది. ఆ తరవాత పక్కన కూర్చుని ఇంకో పేజీ అద్దమనేది."

"నేనూ అరిచాను," అన్నాను.

"అరవాలి మరి," అన్నారాయన.

నేను ఊపిరి పీల్చుకునేలోగా ఆయన ఇంకో మాట అడిగారు. ఆ బ్లాటర్ తనకు తిరిగిచ్చేస్తారా అని. బదులుగా బల్ల మీద ఏ కార్డు కావాలన్నా తీసుకోమన్నారు. వేరే రోజైతే నేను ఆ బల్ల మొత్తం జల్లెడపట్టేదాన్ని. ఆరోజు మాత్రం కార్డు వద్దన్నాను. బ్లాటర్ ఆయనదే. అత్తయ్య మధ్యలోకి వచ్చి, "ఆయన ఇస్తానంటుంటే వద్దంటావేమిటి, ఒకటి తీసుకో," అన్నారు. తీసుకున్నాను. ముక్కు కొద్దిగా వంకరగా ఉన్న ఒక క్యాచర్, అంటే మన వికెట్ కీపర్‌లాంటివాడు. ఖరీదైనది కాదు, మూలలు కూడా అరిగాయి. ఆ మొహం నాకు నచ్చింది.

వెళ్ళబోతుంటే పెద్దాయన అత్తయ్యను ఆపి, తన భార్య పేరు తెలుగులో రాసిస్తారా అని అడిగారు. ఆవిడ పెన్ను ఎప్పుడూ పర్సులోనే ఉంటుంది. ఆ పేరును ఆయనచేత నాలుగుసార్లు పలికించి, ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ దీర్ఘమివ్వాలో సరిచూసుకుని, ఒక తెల్ల కార్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు. ఆయనే పెట్టెలోంచి ఇంకొక కొత్త బ్లాటర్ తీసి అందించారు. అత్తయ్య నా వైపు చూశారు. "అద్దండి," అన్నాను. అద్దారు.

ఆ ఆదివారం తరవాత వాళ్ళిద్దరికీ నా అవసరం తగ్గిపోయింది. ఒక్కో వారం మేం వెళ్ళేసరికి ఆయన అత్తయ్య కోసం రెండో కుర్చీ వేసి ఉంచేవారు. అత్తయ్య డబ్బాలో పులిహోర తీసుకెళ్ళేవారు. ఆయన దాన్ని స్పూనుతో తింటూ, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా "గుడ్, గుడ్" అనేవారు. జూలైలో ఆయన మమ్మల్ని పార్కులో జరిగే ఆటకు రమ్మన్నారు. నలభై, యాభై ఏళ్ళు దాటిన మగవాళ్ళు సరదాగా ఆడుకునే బేస్‌బాల్. ఆయన ప్రతి ఆటకూ వెళ్ళి స్కోరు పుస్తకం రాసుకుంటారట.

ఆ పుస్తకం చూడగానే అత్తయ్య కళ్ళు మెరిశాయి. పేజీ నిండా గడులు. ఒక్కో గడి ఒక్కో ఆటగాడిది. బంతి ఎటు పోయింది, ఎవరు పట్టారు, ఎవరు అవుటయ్యారు అన్నీ గుర్తులతో రాయాలి. ఒకరు చుట్టూ తిరిగి ఇంటికొస్తే, అంటే బయల్దేరిన చోటికే చేరి పరుగు తీస్తే, గడిలో ఉన్న డైమండ్‌ను నింపాలి. పెద్దాయన ఒక ఖాళీ పుస్తకం ఇచ్చారు. నేను నియమాలు చెప్పాను, ఆయన గుర్తులు చూపించారు. రెండో ఇన్నింగ్స్ అయ్యేసరికి అత్తయ్య మమ్మల్ని అడగడం మానేశారు.

నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక బొజ్జాయన కొట్టిన బంతి కంచె దాకా దొర్లింది. జనం అరిచారు. ఒకరి వెనక ఒకరు ఇద్దరు ఇంటికొచ్చారు. స్కోరు బోర్డు దగ్గర ఒకావిడ నంబరు పలక మార్చింది. అత్తయ్య పుస్తకం చూశారు, బోర్డు చూశారు, లేచి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఆవిడ తప్పు వేసింది. ఇద్దరొచ్చారు, ఒకటే కలిపింది."

"సరిగా చూశారా అత్తయ్యా?"

"నా పుస్తకంలో రెండు డైమండ్లు నింపాను. చూడు!"

పెద్దాయన తన పుస్తకం తిప్పి చూసుకున్నారు. ఆయన కూడా ఒకటే రాశారు. ఆ సమయంలో వేరుశనక్కాయలు ఒలుస్తున్నానని ఒప్పుకున్నారు. "మీ అత్తగారిదే కరెక్ట్," అని కంచె దగ్గరకు వెళ్ళి అంపైర్‌ను పిలిచారు. అంపైర్ వచ్చి, చీర కట్టుకున్న స్కోరర్‌ను చూసి ఒక క్షణం తడబడ్డాడు. అత్తయ్య పుస్తకం అందించి వేలితో చూపించారు. "వన్. టూ," అన్నారు. అతను అవతలి జట్టు స్కోరర్‌ను కూడా అడిగి వచ్చి, బోర్డు వైపు రెండు వేళ్ళెత్తాడు. పలక మారింది. కట్ట మీద కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా ఆయన ఈల వేశారు. బేస్‌బాల్ మైదానంలో ఆయన ఈల వెయ్యడం అదే మొదటిసారి.

అత్తయ్య కొంగు సర్దుకుని కూర్చుంటూ, "సబ్ రిజిస్ట్రార్లనే దిద్దాను, వీళ్ళెంత," అన్నారు.

ఆ పరుగు కలిసినా ఆ జట్టు ఓడిపోయింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆట అయ్యాక బొజ్జాయన వచ్చి అత్తయ్యతో చెయ్యి కలపబోతే ఆవిడ నమస్కారం పెట్టారు. ఆయన కూడా చేతులు జోడించి, పరుగుకు థాంక్స్ చెప్పి వెళ్ళాడు. నవంబరులో తిరిగి వెళ్ళేటప్పుడు అత్తయ్య సూట్‌కేసులో రామకోటి పుస్తకాలతో పాటు, పెద్దాయన ఇచ్చిన ఆరు బ్లాటర్లు, సగం నిండిన స్కోరు పుస్తకం ఉన్నాయి.

ఈ ఏడు మళ్ళీ వస్తున్నారు. మొన్న ఫోన్లో మా ఆయన, "టికెట్ ఏ నెలకు బుక్ చెయ్యమంటావమ్మా?" అని అడిగారు.

"ఆ పార్కులో ఆట ఎప్పుడు మొదలవుతుందో అన్నయ్యగారిని కనుక్కుని, దానికి వారం ముందు చెయ్యరా," అన్నారావిడ.